బానెట్ కింది బేరం

1960ల అమెరికాలో మజిల్ కారు కొనే పద్ధతులు రెండు. షోరూములో నిలబెట్టిన బండికి డబ్బు కట్టి తోలుకుపోవడం ఒకటి. తెలిసినవాడు అలా కొనేవాడు కాదు. డీలర్ ఎదుట కూర్చుని ఆర్డర్ ఫారం ముందేసుకునేవాడు. ఇంజన్ ఏది, కార్బురేటర్లు ఎన్ని, గేర్‌బాక్స్ ఏ రకం, వెనక ఇరుసు నిష్పత్తి ఎంత అని ఒక్కొక్కటీ రాయించుకునేవాడు. ఒకే పేరు, ఒకే రంగు ఉన్న రెండు కార్లలో ఒకటి ఆఫీసుకు వెళ్లొచ్చే మామూలు బండి కావచ్చు, రెండోది డ్రాగ్ స్ట్రిప్ మీద పావు మైలును 14 సెకన్లలోపే ముగించేది కావచ్చు. నన్నడిగితే, మజిల్ కార్ల కళంతా ఆ ఫారంలోనే ఉంది. రెక్కలు, చారలు, బొమ్మలు తర్వాతి మాట.

ఈ కథ మొదలైందే ఒక లొసుగుతో. మధ్యస్థాయి కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ తన కంపెనీలకు కట్టడి చేసింది. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన బృందంలోని బిల్ కాలిన్స్ ఒక సంగతి గమనించారు: పెద్ద కార్లకు వాడే 389 ఇంజన్ బయటి కొలతలు, చిన్న 326 ఇంజన్ కొలతలు ఒకటే. అంటే చిన్న బండిలో ఇట్టే కూర్చుంటుంది. కొత్త మోడల్ తెస్తే పైవాళ్ల అనుమతి కావాలి, ఆప్షన్‌కు అక్కర్లేదు. అలా 1964లో టెంపెస్ట్ లెమాన్స్ కారుకు 300 డాలర్లకు లోపు ఆప్షన్‌గా జీటీవో పుట్టింది. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. 389 క్యూబిక్ అంగుళాలంటే దాదాపు 6,375 సీసీ. మన పాత అంబాసిడర్ ఇంజన్లు నాలుగు కలిపినా అంత కాదు.

జీటీవోలోనూ రెండు దారులు. నాలుగు గొట్టాల కార్బురేటర్ ఒక్కటే ఉంటే 325 హార్స్‌పవర్. ఇంకొంచెం డబ్బు పెడితే ‘ట్రై-పవర్’: రెండేసి గొట్టాల కార్బురేటర్లు మూడు వరుసగా, 348 హార్స్‌పవర్. నెమ్మదిగా నడిపినంతసేపూ మధ్యదొక్కటే పనిచేస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అప్పుడు మిగతా రెండూ తెరుచుకుంటాయి. 1967 నుంచి కార్వెట్‌కు తప్ప ఇలాంటి బహుళ కార్బురేటర్లు వద్దని జనరల్ మోటార్స్ పెద్దలు ఆపేశారు.

అయితే ఇంజన్ ఎంత పెద్దదన్న లెక్కతోనే అంతా తేలదు. షెవర్లే 1967లో కెమారోకు ఇచ్చిన జడ్-28 ఆప్షన్ చూడండి. ట్రాన్స్-యామ్ రేసుల్లో 305 క్యూబిక్ అంగుళాలు మించకూడదు. అందుకని 327 ఇంజన్ బ్లాకులో 283 ఇంజన్ క్రాంకు బిగించారు. బోరు 4 అంగుళాలు, స్ట్రోకు 3 అంగుళాలు, మొత్తం 302. బోరు వెడల్పు కాబట్టి పెద్ద వాల్వులు పట్టాయి. స్ట్రోకు పొట్టి కాబట్టి 7,000 ఆర్‌పీఎం దాకా వెళ్లినా తట్టుకుంది. ట్రాఫిక్‌లో మాత్రం ఒట్టి మొండిఘటం, తక్కువ వేగంలో లాగదు. నాలుగు గేర్ల మాన్యువల్, ముందు డిస్క్ బ్రేకులు తప్పనిసరి. ఏసీ లేదు, ఆటోమేటిక్ లేదు. తొలి ఏడాది తయారైనవి 602. కంపెనీ చెప్పిన 290 హార్స్‌పవర్ నమ్మినవాడు లేడు.

ఇక క్రైస్లర్ హెమీ ఇంజన్. దహన గది అర్ధగోళం ఆకారంలో ఉంటుంది. ఇంధనం ఒక పక్క వాల్వు నుంచి వచ్చి, కాలిన పొగ ఎదుటి పక్క వాల్వు నుంచి తిన్నగా పోతుంది. స్పార్క్ ప్లగ్ నడిమధ్యలో. ప్లగ్ వైర్లు వాల్వు కవరు మధ్యలోంచే దిగుతాయి కాబట్టి బానెట్ ఎత్తగానే గుర్తుపట్టొచ్చు. బరువూ ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. 1964 డేటోనా 500లో క్రైస్లర్ 426 హెమీ కార్లు మొదటి మూడు స్థానాలూ పట్టేశాయి, గెలిచింది రిచర్డ్ పెటీ. జనానికి అమ్మని ఇంజన్‌తో రేసుకు రావడం కుదరదని ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ అడ్డుపడింది. దాంతో 1966లో ‘స్ట్రీట్ హెమీ’ వచ్చింది. రెండు పెద్ద కార్బురేటర్లు ఒకదాని వెనక ఒకటి, కంప్రెషన్ 10.25, కాగితం మీద 425 హార్స్‌పవర్. 1968 ప్లిమత్ రోడ్ రన్నర్ ధర 2,896 డాలర్లు, అందులో హెమీ కావాలంటే మరో 700 పైచిలుకు. ఆ డబ్బు పెట్టినవాళ్లు కొద్దిమందే. వీధిలో తిప్పుకోవడానికి క్రైస్లర్ 440 ఇంజనే తెలివైన ఎంపిక అని నా అభిప్రాయం. తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది, మెకానిక్‌ను అంతగా ఏడిపించదు.

ఆ కాలపు హార్స్‌పవర్ అంకెలు మాత్రం ఎవరి అవసరం కొద్దీ వారు రాసుకున్నవి. అధికంగా రాస్తే ఇన్సూరెన్స్ కంపెనీలు ప్రీమియం బాదేవి, డ్రాగ్ రేసుల్లో పెద్ద తరగతిలో పడాల్సి వచ్చేది. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌కు 335 అని రాసింది అందుకే. 1970లో షెవర్లే వారి షెవెల్‌కు వచ్చిన 454 ఇంజన్‌లో ఎల్ఎస్5 అంటే 360, ఎల్ఎస్6 అంటే 450. ఎల్ఎస్6లో కంప్రెషన్ 11.25, పైగా సాలిడ్ లిఫ్టర్లు. అవి టకటకమంటూనే ఉంటాయి, వాల్వు గ్యాపు తరచూ సరిచేయించుకోవాలి. ఎల్ఎస్5లో హైడ్రాలిక్ లిఫ్టర్లు, ఆ గొడవ లేదు. 1971లో సీసం తగ్గించిన పెట్రోలు కోసం ఎల్ఎస్5 కంప్రెషన్ 8.5కు దించారు, అంకె మాత్రం 365కు పెరిగింది! అదే ఇంజన్‌ను సైలెన్సరు, ఆల్టర్నేటరు వగైరా తగిలించి కొలిస్తే 285. మరుసటేడాది నుంచి ఈ రెండో లెక్కే ప్రకటనల్లోకి వచ్చింది.

ఫారంలో లేని ఆప్షన్లూ ఉండేవి. టాక్సీలకు, పోలీసు బండ్లకు ప్రత్యేక సరంజామా బిగించడానికి షెవర్లే వాడే ‘కోపో’ అనే ఆర్డర్ పద్ధతిని కొందరు డీలర్లు రేసు ఇంజన్ల కోసం వాడుకున్నారు. 1969లో ఇల్లినాయ్ డీలర్ ఫ్రెడ్ గిబ్ అల్యూమినియం 427 ఇంజన్, అంటే జడ్ఎల్-1, బిగించిన కెమారోలు 50 ఆర్డర్ చేశాడు. తీరా చూస్తే ఒక్క ఇంజన్ ఆప్షన్‌కే 4,000 డాలర్ల పైన, కారు అసలు ధరకన్నా ఎక్కువ. చాలా బండ్లు అమ్ముడుపోక తిరిగి వెళ్లాయి. మొత్తం తయారైనవి 69. ఇవాళ వేలంలో వాటికి పలికే ధర వింటే నోట మాట రాదు.

అంత ధర పలికే చోటే నకిలీల మోసం కూడా. అమెరికాలో స్థిరపడి ఇలాంటి బండి కొనాలని ముచ్చటపడే తెలుగువాళ్లకు ఒక మాట. 1968 నుంచి 1971 వరకు క్రైస్లర్ బండ్లలో ఛాసిస్ నంబరులోని అయిదో అక్షరం ఇంజన్ పేరు చెబుతుంది, హెమీ అయితే 1968, 1969లో ‘జే’, 1970, 1971లో ‘ఆర్’. అదే కాలపు షెవర్లే నంబరు ఏ వీ-8 అన్నది చెప్పదు, అందుకే నకిలీలు అందులో ఎక్కువ. ఇంజన్ కుడి హెడ్డు ముందున్న చిన్న గట్టు మీది ముద్రను, బ్లాకు పోతపోసిన తేదీని తెలిసినవాడి చేత చదివించుకోండి. పోత తేదీ కారు తయారీ తేదీ తర్వాతిదైతే అది ఆ కారుతో పుట్టిన ఇంజన్ కాదు. ఆ ధరకు బేరం వద్దు.