చెవికి చేరిన తెలుగు

బెంగుళూరులో స్థిరపడిన మా వంటి కుటుంబములలో పిల్లలకు తెలుగు ఇంటిభాషయే గాని బడిభాష కాదు. ఆ కొఱతను నేడు కొంతవఱకు యూట్యూబు తీర్చుచున్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి 2012లో ఆరంభమైన ‘మై విలేజ్ షో’ను మా మనుమరాలు విడువక చూచును. పొలముపనులు చేసికొని బ్రదికిన గంగవ్వ తెలంగాణపు పలుకు, ఆమె పరియాచకము, పల్లె ముచ్చట్లు—ఇవియే దానికి పాఠములు.

మొదట మేము దీనిని మోటుభాష యని ఈసడించితిమి. అది మా పొరపాటు. పట్టణవాసమున మేము మఱచిన పలుకుబళ్లెన్నో ఆమె నోట సజీవముగా నున్నవి. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను సవరల నోటినుండియే నేర్చిరి గదా!

అయినను ఒక లోపము చెప్పక తప్పదు. పంతులుగారు విన్నదానిని వ్రాసికొని 1931లో ఆంగ్లమున సవర వ్యాకరణము వెలువరించిరి; మా పిల్లల విద్య వినుటతోనే ఆగిపోవుచున్నది. తెరమీది బొమ్మ తప్పు దిద్దదు. గంగవ్వ మాటకు పకపక నవ్వు మనుమరాలు, కీర్తిశేషురాలైన నాయనమ్మ వ్రాసియుంచిన వంటల పుస్తకమున ఒక్క పంక్తియు చదువలేకపోయినది.

కన్నడము చదివిన బిడ్డకు తెలుగు లిపి దూరము కాదు. రెండును ఒకే మూలమునుండి పుట్టినవి. కావున చూచినదానిలో పది మాటలు దినమునకు పిల్లలచే వ్రాయింపుడని పెద్దలకు మా మనవి. మేము ఆ పుస్తకముతోనే ప్రారంభించితిమి. నిన్నటికి చింతకాయ పచ్చడి వఱకు వచ్చితిమి.