పేనుకొరుకుడు: పేరులోని పొరపాటు

తలపై రూపాయి బిళ్లంత మేర వెండ్రుకలు రాలి చర్మము నున్నబడినచో, తెలుగునాట దానిని ‘పేనుకొరుకుడు’ అందురు. సంగారెడ్డి జిల్లాలోని జోగిపేట బడిలోనైనను, హైదరాబాదు బడిలోనైనను పేరు ఇదే. అది విన్న తోటి పిల్లలు బల్లపై ఎడముగా జరుగుదురు. ఇంటిలో గురివింద గింజలు నూరి పూయుటయు కలదు. ఇన్నిటికి మూలమైన ఆ పేరు ఎంతవరకు సత్యము?

పేను నెత్తురు పీల్చునే గాని వెండ్రుకను కొరుకదు. ఈ వ్యాధి అంటునది కాదు. గురివింద గింజలో అబ్రిన్ అను తీవ్రవిషము కలదు. చిన్న మచ్చలలో వెండ్రుకలు పలుమారు వాటంతట అవే తిరిగి మొలచును; ఆ కీర్తి పూసిన పసరునకు దక్కుచున్నది.

అసలు దోషులు దేహమును కాపాడవలసిన టి-కణములే. సాధారణముగా కేశమూలము వాటి కంటబడక మరుగై యుండును. ఆ మరుగు తొలగినపుడు టి-కణములు మూలమును చుట్టుముట్టి, గామా ఇంటర్‌ఫెరాన్ అను సంకేతపదార్థమును విడుచును. అందుకు బదులుగా కేశమూలము ఇంటర్‌ల్యూకిన్-15 ను పుట్టించి టి-కణములను మరింత రెచ్చగొట్టును. ఈ రెండు సంకేతములను కణము లోపలికి చేరవేయునవి ‘జాక్’ అను ఎంజైములు. 2014లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ విషవలయమును వెల్లడించి, జాక్‌ను అడ్డగించినచో వెండ్రుకలు తిరిగి మొలచునని చూపిరి.

తీవ్రమైన వ్యాధికి 2022లో అమెరికాలో అనుమతి పొందిన బారిసిటినిబ్ ఈ కోవలోనిదే. దీనిని ‘లక్ష్యచికిత్స’ అనుచున్నారు. ఈ పేరును కూడ పరీక్షింపవలెను. రెండు పెద్ద పరీక్షలలో రోజుకు 4 మిల్లీగ్రాముల చొప్పున 36 వారములు వాడినవారిలో, మూడవ వంతుకు కొంచెము మించినవారికే తలలో నూటికి 80 పాళ్లు వెండ్రుకలు నిలిచినవి. మాత్ర మానినచో పలువురిలో వ్యాధి తిరుగబెట్టును. జాక్ తలకే పరిమితము కాదు, ఒడలంతట పనిచేయును. కనుక దానిని అణచినపుడు క్షయవంటి రోగములకు, నెత్తురు గడ్డకట్టుటకు అవకాశము పెరుగును. వైద్యుని పర్యవేక్షణ లేక వాడరాదు.

మొదటి పేరు దోషము లేని పేనుపై నేరము మోపినది. రెండవది మందునకు లేని గురిని అంటగట్టుచున్నది. పటాన్‌చెరు, బొల్లారములలో మందుల కర్మాగారములున్న ఈ జిల్లాలో వ్యాధిజ్ఞానము వెనుకబడరాదు. వాడుకలోని పేరు అట్లే యుండనిండు. ఇందులో పేను ప్రమేయము లేదని ఉపాధ్యాయుడు తరగతిలో ఒక్కమారు వివరించినచో, ఆ బాలుని ప్రక్కచోటు ఖాళీగా ఉండదు.