కదలనిదేదో ముందు తేల్చుకోవాలి

ఎమ్మారై యంత్రానికి వేడి అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు ఏ ఫ్రీక్వెన్సీలో పలుకుతున్నాయన్నదే. 3 టెస్లాల అయస్కాంతంలో అది సెకనుకు దాదాపు 12.77 కోట్ల సార్లు. నీరు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే ఆ ఫ్రీక్వెన్సీ పది కోట్లలో ఒక వంతు తగ్గుతుంది. అంటే సుమారు 1.28 హెర్ట్జ్. ఆ ఇసుమంత తేడాను పట్టుకుని, సూది గుచ్చకుండా, శరీరం లోపలి ఉష్ణోగ్రతను పటంలా గీసి చూపించడం మా వృత్తి. ఇంత పని ఇంత సన్నటి తేడా మీద నిలబడడం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది.

ఫ్రీక్వెన్సీ ఎందుకు తగ్గుతుందంటే, నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వేడి పెరిగే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. అప్పుడు కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు దాన్ని బయటి అయస్కాంత క్షేత్రం నుంచి ఇంకాస్త బాగా కప్పుతాయి. 1966లో హిండ్‌మన్ అనే శాస్త్రవేత్త ఈ మార్పును కొలిచి చెప్పాడు. దాన్ని ఎమ్మారైలో ఉష్ణోగ్రత పటంగా మలిచే పద్ధతిని 1995లో జపాన్‌లో ఇషిహారా బృందం ప్రచురించింది. వైద్యంలో దీని ఉపయోగం కళ్లారా చూడాలంటే చేతుల వణుకుకు చేసే అల్ట్రాసౌండ్ చికిత్సను చూడాలి. అమెరికా ఎఫ్‌డీఏ 2016లో దానికి అనుమతి ఇచ్చింది. రోగి మెలకువగానే ఉంటాడు. గుండు గీసిన తల చుట్టూ చల్లని నీళ్లు తిరుగుతుంటాయి. కపాలం బయటి నుంచి వచ్చే శబ్దతరంగాలు మెదడు లోపల థాలమస్‌లో ఒక బిందువు దగ్గర కలుస్తాయి. మొదట కొద్దిపాటి వేడి ఇచ్చి, తగలాల్సిన చోటే తగులుతోందా అని పటంలో చూసుకుంటారు. ఆ తర్వాతే అక్కడి వేడిని 55 డిగ్రీలు దాటిస్తారు. ఆ పటం తప్పు చెప్పకూడదు.

అయితే ఫ్రీక్వెన్సీ తగ్గడానికి వేడి ఒక్కటే కారణం కాదు. అయస్కాంత క్షేత్రమే కొంచెం తగ్గినా ఫ్రీక్వెన్సీ అంతే తగ్గుతుంది. మా మొత్తం చిక్కు ఇక్కడే ఉంది. సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం స్థిరత్వానికి మామూలుగా పెట్టే హద్దు గంటకు కోటిలో ఒక వంతు. ఇంజనీరింగ్ లెక్కలో అది గొప్ప స్థిరత్వమే. కానీ దాన్ని ఉష్ణోగ్రతలోకి మార్చి చూడండి. పది కోట్లలో ఒక వంతు ఒక డిగ్రీ అయినప్పుడు, కోటిలో ఒక వంతు పది డిగ్రీలు! పూర్తిగా నిబంధనల ప్రకారం నడుస్తున్న యంత్రం కూడా ఒక గంటలో లేని పది డిగ్రీల జ్వరాన్ని చూపించగలదన్నమాట. దీన్నే మేం డ్రిఫ్ట్ అంటాం.

ఈ డ్రిఫ్ట్ చాలావరకు అయస్కాంతపు తీగచుట్టలో పుట్టదు. క్షేత్రాన్ని అన్నిచోట్లా ఒకేలా ఉంచడానికి రోగి పడుకునే సొరంగం గోడలో చిన్నచిన్న ఇనుప ముక్కలు అమరుస్తారు. వాటిని షిమ్‌లంటారు. పక్కనే గ్రేడియంట్ కాయిళ్లు ఉంటాయి. స్కాన్ జరుగుతున్నప్పుడు వినిపించే దబదబ మోత వాటిదే. మెదడు పనితీరు చూసే ఫంక్షనల్ స్కాన్లు, డిఫ్యూజన్ స్కాన్లు ఆ కాయిళ్లను బాగా వేడెక్కిస్తాయి. నీళ్లతో చల్లబరుస్తున్నా కొంత వేడి ఇనుముకు చేరుతుంది. వేడెక్కిన ఇనుము అయస్కాంత బలం మారి, మొత్తం క్షేత్రం జరుగుతుంది. స్కాన్ ఆగగానే అది వెనక్కి రాదు. ఇనుము నెమ్మదిగా చల్లారుతూ తర్వాత చాలాసేపు క్షేత్రాన్ని జరుపుతూనే ఉంటుంది. అందుకే ఈ బల్ల మీద పడుకున్న మనిషి కొలతలో, ఇంతకు ముందు లేచి వెళ్లిన మనిషి స్కాన్ కూడా కలిసి ఉంటుంది. నేను ఏ కొలత మొదలుపెట్టినా దానికి ముందు ఆ యంత్రం మీద ఏం నడిచిందో అడిగి రాసుకుంటాను.

మా ల్యాబ్‌లో చేరే విద్యార్థులకు నేను మొదట అప్పజెప్పే పని, ఏదీ వేడి చెయ్యకుండా కొలవడం. నీళ్లూ అగార్ కలిపి గడ్డకట్టించిన జెల్‌ను యంత్రంలో పెట్టి, లోపలికి ఒక ఆప్టికల్ ఫైబర్ థర్మామీటర్ దించుతాం. స్కాన్ మొదలుపెట్టి తెర ముందు కూర్చుంటాం. సంకేతాన్ని చదివే ముందు ఆగే సమయం, అంటే ఎకో టైమ్, 20 మిల్లీసెకన్లయితే, ఒక డిగ్రీ వేడికి సంకేతపు ఫేజ్ తొమ్మిది డిగ్రీల కోణం తిరుగుతుంది. ఆ కోణాన్నే సాఫ్ట్‌వేర్ రంగుల్లోకి మారుస్తుంది. కాసేపటికి నీలంగా ఉన్న జెల్ మెల్లగా పచ్చబడడం మొదలవుతుంది.

"మేడమ్, మనం ఇంకా ఏమీ ఆన్ చెయ్యలేదు కదండీ?"

"చెయ్యలేదమ్మా. థర్మామీటర్ ఎంత చూపిస్తోందో చూడు."

అది మొదట్లో ఎంత చూపించిందో అంతే చూపిస్తుంటుంది. తెర మీద జెల్ మాత్రం రెండు డిగ్రీలు పెరిగి ఉంటుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్ల తనంతట తాను చెప్పేదాకా నేను మాట్లాడను. ఈ ఒక్క పూటలో నేర్చుకున్నది పది పాఠాలు విన్నా రాదు.

ఇక సరిచెయ్యడం. కచేరీలో తంబుర తీగ మెల్లగా దిగిపోతుంటే, గొంతు పైకి పోయిందో తంబుర కిందికి జారిందో తేల్చాలంటే మారని శ్రుతి ఇంకొకటి పక్కన మోగుతుండాలి. మేం చేసేదీ అదే. కొలిచే అవయవం చుట్టూ నూనె నింపిన గొట్టాలు పెడతాం. నూనెలోని హైడ్రోజన్‌కు నీటిలోలా హైడ్రోజన్ బంధాలు లేవు. కాబట్టి వేడెక్కినా దాని ఫ్రీక్వెన్సీ దాదాపు మారదు. నూనె ఫ్రీక్వెన్సీ జరిగిందంటే క్షేత్రం జరిగినట్టే. అయితే డ్రిఫ్ట్ అన్నిచోట్లా ఒకేలా ఉండదు, ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఉంటుంది. అందుకని గొట్టాలను చుట్టూరా పంచి పెట్టి, వాటి మధ్య ఒక నునుపైన వాలుతలాన్ని లెక్కగట్టి, ఆ తలాన్ని మొత్తం పటంలోంచి తీసేస్తాం. గొట్టాలకు వీలు లేనప్పుడు ఒంట్లోని కొవ్వును గానీ, వేడి తగలని కండరాన్ని గానీ ఆధారంగా తీసుకుంటాం.

చెప్పడానికి ఇది చిన్న తీసివేత. కానీ ప్రతి తీసివేత వెనకా ఒక నమ్మకం ఉంటుంది: 'ఇక్కడ ఏమీ మారలేదు' అని. ఆధారంగా పెట్టుకున్న కండరానికి కూడా నిజంగా కాస్త వేడి తగిలిందనుకోండి. ఆ నిజమైన వేడిని డ్రిఫ్ట్‌గా లెక్కగట్టి అంతటా తీసేస్తాం. అప్పుడు చికిత్స జరుగుతున్న చోట పటం ఉన్న వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. వాలుతలం చాలదని వంపు తిరిగిన తలాన్ని వాడితే, ఆధారాలు తక్కువైన చోట అది తనిష్టం వచ్చినట్టు వంగి అసలు వేడినే మింగేస్తుంది. కొవ్వు విషయంలో ఇంకో మెలిక ఉంది. వేడెక్కినప్పుడు దాని అయస్కాంత గ్రహణశీలత మారి, పక్కనున్న నీటి దగ్గర క్షేత్రాన్ని కదుపుతుంది. సరిచేశాక పటం నున్నగా, ముద్దుగా కనిపిస్తుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ నునుపే.

దేనికెంత సరిచెయ్యాలన్నది పనిని బట్టి ఉంటుంది. వణుకు చికిత్సలో ఒక్కో విడత శబ్దతరంగాలు పది నుంచి ముప్పై సెకన్లే. ప్రతి విడతకూ ముందు కొత్త ఆధార చిత్రం తీసుకుంటారు. ఆ కాసేపట్లో క్షేత్రం పెద్దగా జరగదు. క్యాన్సర్‌లో రేడియేషన్‌తోనో మందులతోనో కలిపి ఇచ్చే హైపర్‌థెర్మియా అలా కాదు. కణితిని గంటసేపు 41 నుంచి 43 డిగ్రీల మధ్య పట్టి ఉంచాలి. అక్కడ ఒక్క డిగ్రీ పొరపాటు చికిత్స అందిందా లేదా అన్నదాన్నే తారుమారు చేస్తుంది.

ఇది ఉష్ణోగ్రతతో ఆగిపోయే సంగతి కాదు. మెదడులో గాబా అనే రసాయనాన్ని కొలిచే స్పెక్ట్రోస్కోపీలోనూ ఇదే బాధ. గాబా సంకేతం క్రియాటిన్ అనే పెద్ద సంకేతం కింద దాగి ఉంటుంది. ఎంచుకున్న ఫ్రీక్వెన్సీ మీదే పనిచేసే రేడియో తరంగం, ఎడిటింగ్ పల్స్, గాబాకు పనిచేసేలా ఒకసారి, పనిచెయ్యకుండా ఒకసారి కొలిచి, ఒకదాంట్లోంచి మరొకటి తీసేస్తే క్రియాటిన్ పోయి గాబా మిగలాలి. ఈలోగా ఫ్రీక్వెన్సీ కొన్ని హెర్ట్జ్ జరిగితే క్రియాటిన్ పూర్తిగా పోదు. మిగిలిన తునక గాబా లెక్కలో కలుస్తుంది. 2021లో న్యూరోఇమేజ్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 90కి పైగా స్కానర్లలో ఈ డ్రిఫ్ట్‌ను ఒకే పద్ధతిలో కొలిచింది. అందులో పెద్ద కంపెనీల యంత్రాలన్నీ ఉన్నాయి. ఇది ఏదో ఒక యంత్రం లోపం కాదు, అందరం లెక్కలో పెట్టుకోవాల్సిన సంగతి.

వెన్నునొప్పికో మోకాలికో స్కాన్ తీయించుకునేవాళ్లు దీనికి బెంగపడనక్కర్లేదు. బొమ్మ చూసి రోగాన్ని పోల్చుకునే పనికి కొన్ని హెర్ట్జ్ తేడా అడ్డు రాదు. బొమ్మలోంచి అంకె తీసి, ఆ అంకె మీద నిర్ణయం తీసుకునేచోటే ఈ జాగ్రత్త ప్రాణమవుతుంది.

ఎమ్మారైలో ఇప్పుడు అంకెల కాలం నడుస్తోంది. ఉష్ణోగ్రత, కొవ్వు శాతం, ఇనుము, రసాయనాలు, అన్నింటికీ అంకెలు అడుగుతున్నారు. అంకె వస్తే సందేహం పోయిందనుకుంటాం. సరిచేసిన అంకె పక్కనే సరిచెయ్యని అంకెనూ, దేన్ని కదలనిదిగా ఎంచుకున్నామో ఆ సంగతినీ రాయాలని నా పట్టుదల. కొత్త కొలత దేనికైనా ముందు, అదే స్కాన్ సీక్వెన్స్‌ను అంతేసేపు వేడి చెయ్యని జెల్ మీద నడిపి చూడాలి. దానికి యంత్రం మీద సమయం ఖర్చవుతుంది, ఆ సమయం ఖరీదైనదే. అయినా ఆ ఖర్చు పెట్టమనే అందరికీ చెబుతాను. ఏమీ జరగనప్పుడు మన పరికరం ఏం చూపిస్తుందో చూడనివాడికి, ఏదో జరిగిందని చెప్పే హక్కు లేదు.