ఒక్క 'సెట్టు' చాలదూ!

చూడబోతే మూడక్షరాల మాట. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండవ కూర్పులో అన్నిటికన్నా పొడుగాటి వివరణ మాత్రం 'సెట్' అనే ఈ క్రియదే! సుమారు 430 అర్థాలట. తరవాతి సవరణల్లో ఆ కిరీటాన్ని 645 అర్థాలతో 'రన్' తన్నుకుపోయిందనుకోండి.

పుట్టుక చూస్తే పాపం, సాదా మాటే. 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. టీ సెట్టు, నగల సెట్టుల్లోని 'సెట్' వేరే ఇంటి పిల్ల. లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి గుమ్మంలోంచి వచ్చింది. ఒకే పేరున్న తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో కలిసిపోయారన్నమాట.

వాళ్ళ నిఘంటువుతో మనకేం పని అంటారా? ఉంది. ఈమధ్య మన కథల్లో, అనువాదాల్లో ముహూర్తం 'సెట్' అవుతోంది, ట్యూను 'సెట్' అవుతోంది, ఆఖరికి పెరుగూ 'సెట్' అవుతోంది! ఇంగ్లీషువారు సెట్ అప్, సెట్ ఆఫ్, సెట్ ఇన్ అంటూ తోక మార్చి అర్థం మారుస్తారు. మనం తోకలన్నీ అక్కడే వదిలేసి తల ఒక్కటే తెచ్చుకున్నాం.

మనకి మాటలు లేకనా? పొద్దు గూకుతుంది. ఉంగరంలో రాయి పొదుగుతారు. పాటకి బాణీ కడతారు. ఉచ్చు పన్నుతారు. పెరుగు తోడుకుంటుంది. పాలల్లో వేసే ఆ చెంచాడు పెరుగుని 'తోడు' అన్నారు మనవాళ్ళు. ఎంత చక్కని ఊహ!

ఇవన్నీ సరే, నా అసలు బాధ పెళ్ళి దగ్గర. 'సంబంధం కుదిరింది' అంటే, ఎవరికి కుదిరింది, అమ్మాయికా, పెద్దవాళ్ళకా అని అడగడానికి సందుంది. 'నాకు కుదరదు' అనడానికీ సందుంది. 'సంబంధం సెట్ చేసేశాం' అన్నాక ఇంక ఆ పిల్ల అడిగేదేముంది? సిమెంటు గట్టిపడినట్టే!

పాత్ర నోట ఆ మాట వస్తే నాకేం అభ్యంతరం లేదు. కాలేజీ కుర్రాడు 'వివాహము నిశ్చయమైనది' అంటే నవ్విపోరూ? 'సెట్ చేసేశాం' అనే తండ్రి ఎలాంటివాడో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది కూడాను. కాని కథ చెప్పే రచయిత్రి కూడా ఆ తండ్రి మాటే తన మాటగా రాసేస్తే, ఆ పిల్ల పక్షాన మాట్లాడేవాళ్ళు కథలో ఇంకెవరుంటారు?