వినడం తెలిసిన నటుడు

ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశాన్ని సినిమాలో ఒక్క దెబ్బకు తీయరు. ముందు ఇద్దరూ కనిపించేలా టూ షాట్ తీస్తారు. తర్వాత ఒకరి భుజం మీదుగా రెండోవారి ముఖం పట్టే సజెషన్ షాట్, ఆపైన విడివిడిగా క్లోజప్పులు. ప్రతిసారీ అవే మాటలు మళ్లీ చెప్పాలి, అవే మాటలు మళ్లీ కొత్తగా వినాలి. అంతా అయ్యాక ఎడిటర్ చేతిలో ప్రతి డైలాగుకూ రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి ఆ మాట అంటున్నది, రెండోది వింటున్నది. మాట బరువైనదైతే చాలాసార్లు రెండోదానికే కట్ చేస్తారు. ఆ ముఖంలో ఏమీ లేకపోతే ఎంత గొప్ప డైలాగైనా తేలిపోతుంది.

సుహాస్ పనితనం ఆ రెండో ముఖంలో ఉంది.

విజయవాడ నుంచి వచ్చిన ఈ నటుడు పని నేర్చుకున్నది షార్ట్‌ఫిల్ముల్లో, చాయ్ బిస్కెట్ యూట్యూబ్ వీడియోల్లో. ఫోన్‌లో చూసే బొమ్మలో ముఖం చాలా దగ్గరగా ఉంటుంది. థియేటర్ చివరి వరుసదాకా చేరాలని గొంతు పెంచి, కళ్లు పెద్దవి చేసే అలవాటు అక్కడ పనికిరాదు. కనుబొమ్మ కాస్త కదిలితే చాలు. ఆ కొలతకు అలవాటుపడ్డాకే అతను పెద్ద తెరకు వచ్చాడు.

వచ్చింది హీరో స్నేహితుడిగా. 2018లో 'పడి పడి లేచె మనసు', 2019లో 'మజిలీ', 'డియర్ కామ్రేడ్'. స్నేహితుడి వేషాన్ని మన దగ్గర చిన్నచూపు చూస్తారు కానీ, దాని నిర్మాణం గమనిస్తే అది ఎంత కష్టమైన పనో తెలుస్తుంది. హీరో మనసులో మాట బయటికి రావడానికి సరైన ప్రశ్న వేయాలి. హీరో చెబుతున్నంతసేపూ వినాలి. అలా వింటుంటే ప్రేక్షకుడికి ఆ బాధ నమ్మదగినదిగా తోచాలి. సన్నివేశం మరీ బరువెక్కినప్పుడు ఒక చిన్న మాటతో దాన్ని తేలిక చేయాలి. ఇదంతా చేస్తూ హీరో మీద నుంచి చూపును తన వైపు లాక్కోకూడదు. కెమెరా తనది కానప్పుడు కూడా పూర్తిగా సన్నివేశంలో ఉండటం ఆ వేషం నేర్పుతుంది.

2020 అక్టోబరు 23న 'కలర్ ఫోటో' నేరుగా ఆహాలో విడుదలైంది. థియేటర్లు మూతపడిన కోవిడ్ రోజులవి. సాయి రాజేశ్ కథ, సందీప్ రాజ్ దర్శకత్వం, మచిలీపట్నం నేపథ్యం, 1990ల చివరి కాలం. ఒంటి రంగు కారణంగా తనను ఎవరూ చూడకపోతేనే మంచిదనుకునే జయకృష్ణ పాత్ర సుహాస్‌ది. ఇక్కడ ఒక చిక్కుంది. హీరో అంటే కెమెరా చూసేవాడు. ఈ హీరోకేమో ఎవరైనా చూస్తేనే ఇబ్బంది. ఆ వైరుధ్యాన్ని సుహాస్ మూడు మెట్లలో పరిష్కరిస్తాడు. మొదట చూపు తను ప్రేమించే దీప్తి వైపు పోతుంది, అది ఆపుకోలేనిది. ఆమె తల తిప్పేలోపు చూపు కిందికి దిగుతుంది, అది అలవాటు. ఆ తర్వాతే మాట వస్తుంది, అదీ అనుకున్నదానికంటే చిన్నదై. ఈ మూడింటి మధ్య వ్యవధిని అతను సినిమా నడిచేకొద్దీ మార్చుకుంటూ పోతాడు. ప్రేమ కుదిరాక చూపు దిగడం ఆలస్యమవుతుంది. దీప్తి అన్నగా సునీల్ చేసిన రామరాజు ఎదుట మళ్లీ మొదటికొస్తుంది. జయకృష్ణకు ధైర్యం ఎంత వచ్చిందో, ఎంత పోయిందో డైలాగు అవసరం లేకుండా మనం కొలుచుకోవచ్చు. 68వ జాతీయ సినిమా పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది ఈ సినిమానే.

ఆ తర్వాత 'ఫ్యామిలీ డ్రామా'లోనూ 2022లో 'హిట్ 2'లోనూ హంతకుడిగా చేశాడు. కొత్త సరుకేమీ తెచ్చుకోలేదు, ఉన్నదాంట్లోంచే ఒకటి తీసేశాడు. ఎదుటివాడిని చూడటం అలాగే ఉంది. చూశాక ముఖంలో రావాల్సిన స్పందన మాత్రం లేదు. భయం పుట్టేది అక్కడే.

'రైటర్ పద్మభూషణ్'లో దీనికి పూర్తిగా ఎదురు పని. విజయవాడలో అసిస్టెంట్ లైబ్రేరియన్, అప్పు చేసి తన పుస్తకం అచ్చేయించుకుని ఆ సంగతి ఇంట్లో దాచినవాడు. అమ్మానాన్నలుగా రోహిణి, ఆశిష్ విద్యార్థి. అబద్ధం దాచేవాడికి ఒకేసారి రెండు ముఖాలు కావాలి, ఇంట్లోవాళ్లకు ఒకటి, మనకు ఒకటి. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉన్న అరక్షణంలో సుహాస్ మనకు నిజం చూపించి, వాళ్లకు అబద్ధం చెబుతాడు. నవ్వు పుట్టేది జవాబులో కాదు, ఆ అరక్షణంలో.

2024 ఫిబ్రవరిలో వచ్చిన 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు'లో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించింది అతను చేసింది కాదు, చేయకుండా వదిలింది. దుష్యంత్ కటికనేని తీసిన ఈ కోనసీమ కథలో మల్లి సెలూన్ పని చేస్తాడు, పెళ్లిళ్లలో బ్యాండు వాయిస్తాడు. కవల అక్క పద్మ బడిలో టీచర్, ఆ పాత్ర శరణ్య ప్రదీప్‌ది. ఊళ్లో పెత్తనం చేసేవాడి చేతిలో అవమానం ఈ కుటుంబానికి జరుగుతుంది. కానీ ఎదురు తిరిగే బలమైన ఘట్టం పద్మది. మామూలు లెక్కలో అది హీరోకు రావలసిన ఘట్టం. అలాంటి చోట వెనక్కి జరగడమంటే నిలబడి చూడటం కాదు. అక్క కోపం ఎంత న్యాయమైనదో తమ్ముడి ముఖంలో కనబడాలి. శరణ్య నటన అంత ఎత్తుకు వెళ్లడంలో ఎదుట నిలబడి విన్న ఈ మనిషి వాటా కూడా ఉంది. స్నేహితుడి వేషాల్లో నేర్చిన విద్య హీరో అయ్యాక కూడా మరచిపోలేదు.

అదే ఏడాది మేలో వచ్చిన 'ప్రసన్న వదనం' అర్జున్ వై.కె. సినిమా. నటుడిగా సుహాస్‌కు ఇది అన్నిటికంటే గట్టి పరీక్ష. ప్రమాదం తర్వాత ముఖాలనూ గొంతులనూ గుర్తుపట్టలేని రేడియో జాకీ సూర్య పాత్ర. తెలిసిన ముఖం ఎదురైతే మన కంట్లో ఒక మెరుపు వస్తుంది. మనం తెచ్చుకునేది కాదు, దానంతట అదే వస్తుంది. షూటింగ్‌లో ఎదుట ఉన్న నటుణ్ణి సుహాస్‌కు తెలుసు. ఆ మెరుపును రానివ్వకూడదు. అలాగని శూన్యంగా చూస్తే చూపులేనివాడిలా అనిపిస్తుంది. సూర్యకు చూపుంది, పోలిక లేదు. అందుకని సుహాస్ ముఖం మీద ఆగకుండా ఆనవాలు వెతికే చూపు పట్టుకున్నాడు. బట్టలు, చేతులు, నిలబడ్డ తీరు, వీటి మీదికి పోతుంది ఆ చూపు. ఆనవాలు దొరికాక గుర్తింపు వస్తుంది, మామూలు మనిషికంటే ఒక అడుగు ఆలస్యంగా. ఎదుటివాడి ముఖానికి వెంటనే స్పందించడమే ఆస్తిగా ఎదిగిన నటుడు, ఆ ఆస్తిని పక్కన పెట్టి, స్పందనను ముక్కలుగా విడదీసి మళ్లీ కూర్చాడు. హత్యను చూసిన సాక్షి హంతకుణ్ణి గుర్తుపట్టలేకపోవడమనే కథ నిలబడింది ఈ కూర్పు మీదే.

పొడుగాటి ఉపన్యాసాలు, నీతి చెప్పే పతాక సన్నివేశాలు అతని బలం కాదని నా అభిప్రాయం. అలాంటివి రాసినప్పుడు అతనూ మిగతా హీరోల్లో ఒకడిలా వినిపిస్తాడు. 2025లో ప్రైమ్ వీడియోలో వచ్చిన 'ఉప్పు కప్పురంబు'లో శ్మశానం చూసుకునే చిన్నాగా, ఊరిపెద్ద అయిన కీర్తి సురేశ్ పక్కన మళ్లీ తనకు తగిన చోట కనిపించాడు. దర్శకులకు చెప్పాల్సింది ఒక్కటే. ఈ నటుడికి పెద్ద డైలాగు రాయాలనిపిస్తే దాన్ని అతని ఎదుట ఉన్నవాళ్లకు ఇవ్వండి, కెమెరా మాత్రం ఇతని మీద పెట్టండి.