కథకుడు లేని కోట

సందె వాలగానే గోల్కొండ మేలుకుంటుంది. బాలాహిస్సార్ మెట్ల మీదికి రంగుల వెలుగు పాకుతుంది. రాళ్ళకు గొంతులొస్తాయి. ఏళ్ళ తరబడి అమితాబ్ బచ్చన్ స్వరంలో కుతుబ్‌షాహీల కథ ఆ గోడల మధ్య మార్మోగింది. పగలు ఫతే దర్వాజా కింద గైడు చప్పట్లు చరిచి, ఆ చప్పుడు కొండకొమ్ము దాకా ఎట్లా పోతుందో చూపిస్తాడు. రాత్రయితే కోట తన కథ తానే చెప్పుకుంటుంది. టిక్కెట్టు కొని కూర్చున్న పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఆ వరుసల్లో కూర్చున్న నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ చెమ్మ గోల్కొండ కోసం కాదు, నా ఆదోని కోసం.

1686లో బిజాపూరు పడింది. 1687లో గోల్కొండ పడింది. ఆ మొగలు ప్రళయమే కొద్దికాలానికి ఆదోని మీదికి నడిచొచ్చింది. ముగ్గురు అక్కచెల్లెళ్ళదీ ఒకటే ఏడుపు. కానీ బిజాపూరుకు గోల్ గుంబజ్ ఉంది, చూసేవాళ్ళున్నారు. గోల్కొండకు దీపాలున్నాయి, వినేవాళ్ళున్నారు. ఓ ఆదోని దుర్గమా, అయిదు కొండల తల్లీ, నీకెవరున్నారు?

ఒక వేసవిలో, పొద్దుగూకాక, ఆ కొండల మొదట్లోకి వెళ్ళాం. మాకు గైడంటే ఒక ముసలాయనే. చిన్నప్పటి నుంచి ఆ గుట్టల్లోనే గొర్రెలు కాసినవాడు. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో బ్యాటరీ లైటు. "నిదానంగా రాండి సామీ, రాయి జారుతాది" అంటూ ముందు నడిచాడు. అడుగు పట్టుకోసం ఒక బండ మీద చెయ్యి ఆనించాను. సూర్యుడు పోయి ఎంతసేపయిందో, ఆ బండ ఇంకా సెగలు కక్కుతూనే ఉంది. పగలంతా తాగిన ఎండను రాత్రంతా నెమరేసుకునే రాయి అది. ఇన్ని శతాబ్దాల మంటను ఎక్కడ దాచుకుందో, ఎవరితో చెప్పుకుంటుందో!

ఆయన లైటు ఒక విరిగిన గోడ మీద పడింది. రాతి అంచున వరుసగా ఉలిగుంతలు. ఏ వడ్డె చేతులు, ఏ ఎండలో, ఎవరి ఆజ్ఞకు తలవంచి కొట్టాయో ఆ గుంతల్ని! ఒక్కో గుంతలో వేలు పెట్టి చూశాను. లోపల అంచు ఇంకా కరకుగానే ఉంది. ఆ చేతులకు పేరు లేదు. శాసనాలెక్కేది చెక్కించినవాళ్ళు, చెక్కినవాళ్ళు కాదు.

"అదిగో బారాఖిల్లా. ఈ పక్క తాలిబండ" అన్నాడు పెద్దాయన, చుక్కల్ని మింగేసిన రెండు నల్లని ఆకారాలను చూపిస్తూ. మైదానం నుంచి దాదాపు 800 అడుగుల ఎత్తు అవి. నడికొండలో ఒక చెరువుందని, అది ఎన్నడూ ఎండదని పాత గెజిటీరు రాసింది. పెద్దాయనా అదే మాట అన్నాడు. కరువుకు పుట్టినిల్లయిన ఈ సీమలో, కొండ గుండెల్లో ఎండని నీరు! కన్నీరు కాక మరేమిటది?

విజయనగరానికి ఈ కొండలే పెట్టని కోట. 1565లో రాక్షసి తంగడి దగ్గర సామ్రాజ్యం నెత్తురు కక్కుకుని పడిపోయాక, 1568లో బిజాపూరు సేనలు ఇక్కడికొచ్చాయి. తర్వాత మాలిక్ రెహమాన్ ఖాన్ అనే హబ్షీ 39 ఏళ్ళు ఈ దుర్గాన్ని ఏలాడు. అతని సమాధి తాలిబండ మీదే. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి ఆదోని! సముద్రం దాటొచ్చినవాణ్ణి ఈ నల్లరేగడి తన బిడ్డలాగే ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

అతని పెంపుడు కొడుకు సిద్ది మసూద్ ఖాన్. ఊళ్ళో జామియా మసీదు కట్టించినవాడు. మొగలు సేన కోటను చుట్టుముట్టినప్పటి కథ ఒకటి ఇక్కడివాళ్ళు చెబుతారు. ఎన్ని గుళ్ళు కురిసినా మసూద్ ఖాన్ లొంగలేదట. చివరికి శత్రువు ఫిరంగుల్ని కోటకేసి కాక, మసీదుకేసి తిప్పాడట. తన ప్రాణం కంటే ఆ కట్టడమే మిన్న అనుకున్న మనిషి, అది చూసి తాళలేక కోట తలుపులు తీశాడట. రాజ్యం పోయినా సరే, తన కలల రాతి పువ్వు రాలకూడదన్నాడు! ఈ ఒక్క ఘట్టం చాలదా ఒక రాత్రిని వెలిగించడానికి? ఏ కవికి, ఏ నాటకకర్తకు ఇంతకంటే కథ కావాలి? మసీదు ఇవాళ్టికీ నిలిచే ఉంది. దాని కోసం కోటనిచ్చినవాడి పేరు బడిపిల్లల్ని అడగండి. ఒక్కరు చెబితే నాకు పండగే.

1786లో టిప్పు వచ్చాడు. నెలరోజుల ముట్టడి. నిజాం, మరాఠా సేనలు సాయం వచ్చి లోపలివాళ్ళను తుంగభద్ర దాటించుకుపోయాయి. ఖాళీ అయిన కోటను టిప్పు కూలగొట్టించి, ఫిరంగుల్ని గుత్తికి తోలించాడు. ఆ తర్వాత నిజాం, 1800లో కుంపిణీ, బళ్ళారి జిల్లా, 1953లో ఆంధ్ర. చేతులు మారాయి గాని, పగిలిన బురుజుకు ఒక రాయి తిరిగి పేర్చిన చెయ్యి లేదు.

ఇంకాస్త పైకెక్కి, కొండ మీంచి కిందికి చూశాం. ఆదోని ఊరు మిణుకుమిణుకుమంటోంది. ఈ నేల పత్తికి పెట్టింది పేరు. పత్తి కాలంలో యార్డు నిండా తెల్లని కొండలు, జిన్నింగు మిల్లుల దీపాల చుట్టూ దూది తుంపర. పెద్దాయన చూపు మాత్రం రోడ్డు మీద వరుసగా పోతున్న లైట్ల మీద ఉంది. "మాది గూడా సుగ్గికి పోయినోళ్ళ సంసారమే సామీ. కొడుకు, కోడలు గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపను పోయినారు. వాళ్ళకీ కొండ కతలు యాడ సెప్పేది?" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. కోసిగి, పెద్దకడబూరు, ఎమ్మిగనూరు పల్లెలు ఏటా పంట చాలక మూటాముల్లె సర్దుకుని కదిలిపోతాయి. ముసలివాళ్ళు మిగులుతారు, తాళాలు మిగులుతాయి. తాతకూ మనవడికీ మధ్య ఆ లారీ రోడ్డే అడ్డం. కథ ఏ చెవిలో పడాలి?

ఎమ్మిగనూరు మాటేమిటి? 1938లో మాచాని సోమప్ప నేతన్నలను ఒక్కచోట చేర్చి సహకార సంఘం పెట్టినప్పుడు, ఆ వీధుల్లో మగ్గాల చప్పుడే సుప్రభాతం, మగ్గాల చప్పుడే జోలపాట. ఇవాళ రాత్రి ఆ వీధుల్లో నడవండి. మగ్గాలు మూగబోయిన ఇళ్ళు మీకే కనబడతాయి. నేసిన చేతులూ, రాయి చెక్కిన చేతులూ ఒకే మరుపులోకి జారిపోతున్నాయి.

తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం మాత్రం రాత్రిపూట కూడా వెలుగుల తిరునాళ్ళే. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన ఆ మంచాల గ్రామం, ఆదోని నవాబు స్వామికి సమర్పించినదని మఠ సంప్రదాయం చెబుతుంది. ఆ దానం వెనక నడిచిన దివాను వెంకన్న ఆదోని కొలువువాడే. పుచ్చుకున్న చోట కోటి దీపాలు. నాకు అసూయ లేదు, ఆ దీపాలు వేయింతలు కావాలి. ఇచ్చిన చోట కటిక చీకటి. ఆ బాధే నాకు నిద్ర రానీయదు. లక్షల మంది భక్తులు ఆ నేల మీద మొక్కి, ఇచ్చిన ఊరికేసి తలైనా తిప్పకుండా వెళ్ళిపోతున్నారు.

గోల్కొండలాంటి హంగులు నేను అడగడం లేదు. కొండ మొదట్లో నాలుగు దీపస్తంభాలు, భద్రమైన ఒక దారి, నెలకొక పున్నమి సాయంత్రం తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో కథ చెప్పే నలుగురు మనుషులు చాలు. ఆ ముసలాయన లాంటివాళ్ళకు దినభత్యమిచ్చి కూర్చోబెట్టి, వాళ్ళ నోట ఉన్నదంతా రికార్డు చేయించాలి. ఆ పనికి పురావస్తు శాఖ, పర్యాటక శాఖ, పురపాలక సంఘం పూనుకోవాలి. వాళ్ళు కదిలేదాకా ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో చరిత్ర చెప్పే మాస్టార్లూ, చదివే పిల్లలూ ముందు నడవాలి. చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. మంత్రాలయం వచ్చే ప్రతి యాత్రికుడికీ నాదొక్క మనవి: ఒక పూట మిగుల్చుకుని ఆదోనికి రండి.