పరలోక ప్రార్థనలో ‘మా తండ్రి’, ‘నీ నామము’: తెలుగు అనువాద పరిశీలన

క్రైస్తవుల పరలోక ప్రార్థన మత్తయి సువార్త 6వ అధ్యాయంలోనూ, లూకా సువార్త 11వ అధ్యాయంలోనూ కనిపిస్తుంది. రెండుచోట్లా మొదట తండ్రి అనే సంబోధన, వెంటనే ఆయన నామం పరిశుద్ధపరచబడాలనే విన్నపం ఉన్నాయి. సంబోధన చనువునిస్తుంది, విన్నపం దైవమహిమను గుర్తుచేస్తుంది. ఈ రెండింటి సంబంధం తెలుగు అనువాదంలో ఎలా వ్యక్తమైందన్నది పరిశీలించదగిన విషయం.

మత్తయిలోని గ్రీకు సర్వనామానికి ‘మా’, ‘మన’ అనే భేదం లేదు. తెలుగులో అది తప్పనిసరి. ‘మన’ వినేవారిని కలుపుకొంటుంది. ‘మా’ వారిని వేరుగా నిలుపుతుంది. ప్రార్థనలో వినేవాడు దేవుడే కనుక ఇక్కడ ‘మా’ తప్ప మరొకటి కుదరదు. పౌలు లేఖల ఆరంభ శుభవచనాల్లో శ్రోతలు తోటి విశ్వాసులు కాబట్టి తెలుగు బైబిలు ‘మన తండ్రి’ అంటుంది. ‘మా తండ్రి’ అంటే ఇతరులకు తండ్రి కాడన్న అర్థం తీసే ప్రమాదం లేకపోలేదు. అయితే ‘మా’ మినహాయించేది ఎదుటి శ్రోతను మాత్రమే. మూడవవారి విషయంలో అది ఏమీ నిర్ణయించదు. పైగా మత్తయి పాఠం క్షమాపణ విన్నపాన్ని తమ ఋణస్థులను క్షమించడంతో ముడిపెడుతుంది.

హీబ్రూ సంప్రదాయంలో నామమంటే కేవలం పిలుపు కాదు. ఆ వ్యక్తి స్వభావం, కీర్తి కూడా. ఆ నామాన్ని పరిశుద్ధపరచేది ఎవరు? గ్రీకు క్రియ కర్మణి ప్రయోగంలో ఉండి కర్తను చెప్పదు. యెహెజ్కేలు గ్రంథం 36వ అధ్యాయం ఇందుకు ఆధారమిస్తుంది. చెదరిపోయిన ప్రజలు అన్యజనుల మధ్య దైవనామాన్ని అపవిత్రం చేయగా, దాన్ని పరిశుద్ధపరచేది తానేనని అక్కడ దేవుడు ప్రకటిస్తాడు. కాబట్టి ప్రార్థనలోనూ ప్రధాన కర్త దేవుడే. ‘బడు’ ప్రయోగం తెలుగుకు అంత సహజం కాదన్న విమర్శ సమంజసమే. కానీ దాన్ని తొలగించి, నామాన్ని తామే గౌరవిస్తామన్న భావం తెస్తే విన్నపం కాస్తా ప్రతిజ్ఞ అవుతుంది.

బిడ్డలు తండ్రి పేరు నిలబెట్టాలన్నది తెలుగునాట వాడుక మాట. ఈ ప్రార్థన దాన్ని తిరగవేస్తుంది. తండ్రి పేరు చెడగొట్టిన బిడ్డలే దాన్ని నిలబెట్టమని ఆయన్నే వేడుకుంటారు. అలా వేడుకొనే చనువు తండ్రి అనే పిలుపు నుంచే వస్తుంది. అందువల్ల పితృత్వం నామమహిమను తగ్గించదు. ఆ మహిమ కోసం అడిగే హక్కును బిడ్డలకు ఇస్తుంది.